తెరవరాని పలక

గుంటూరు నుండి నంద్యాల పోవు రైలుమార్గములో నరసరావుపేట దాటిన పిమ్మట వినుకొండ వచ్చును. కొండపై రామలింగేశ్వరుని ఆలయము, కొండ క్రింద ఊరు. సీతాపహరణ వార్తను శ్రీరాముడు ఇచ్చట వినెను గనుక ఇది ‘విన్న కొండ’ యైనదని స్థలపురాణము చెప్పును. అదే రైలులో మరికొంత దూరము పోయినచో కురిచేడు, దొనకొండ, గజ్జెలకొండ గడచి మార్కాపురము రోడ్డు స్టేషను వచ్చును. తాతల తరమున తెలుగు పిల్లలు అక్షరములు దిద్దుకొన్న రాతిపలకలకు మార్కాపురము పుట్టినిల్లు. అచ్చటి నల్లరాతి పొరలను చీల్చి, చదును చేసి, చుట్టును కొయ్యచట్రము బిగించి దూరదేశములకు సయితము పంపెడివారు.

ఆ పలకకు వచ్చు జబ్బులు మూడే. చట్రము ఊడుట, రాయి పగులుట, నలుపు తగ్గుట. చట్రము ఊడినచో తండ్రి ఒక చిన్న మేకు కొట్టి బిగించెడివాడు. రాయి పగిలినచో పెద్ద ముక్కను దాచుకొని పిల్లవాడు దానిమీదనే సంవత్సరాంతము వరకు వ్రాసుకొనెడివాడు. నలుపు తగ్గినచో బొగ్గుపొడియు ఆకుపసరును కలిపి రుద్దెడివారు. పలకలో పిల్లవానికి తెలియని రహస్యమేదియు లేదు. అది అతని చేతిలో ఉండుటయే గాక, అతని వశములో కూడ ఉండెడిది.

నేటి పలక వేరు. 2022 డిసెంబరు 21వ తేదీన బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రారంభించి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును వారికి బోధించు ఉపాధ్యాయులకును ట్యాబులు పంచిపెట్టెను. ప్రభుత్వ ప్రకటన ననుసరించి వాటి సంఖ్య 5,18,740. మరుసటి సంవత్సరము డిసెంబరులో రెండవ విడత జరిగెను. అదే 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో కొత్తగా ఏర్పడిన పల్నాడు జిల్లా పాఠశాలలకును ఈ పలకలు చేరినవి. ఇన్ని లక్షల పలకలు ఒక్కసారి పిల్లల చేతులకు వచ్చుట చిన్న విషయము కాదు. కాని కాలము గడచిన కొలది ప్రతి యంత్రమును చెడును. కంపెనీ పూచీకి ఒక గడువు, సాఫ్టువేరు సవరణలకు మరియొక గడువు ఉండును. ఆ గడువులు తీరిన తరువాత ఈ పలకను తెరచి చూచు తెలివియు, తెరచుటకు అధికారమును ఎవరి చేతిలో ఉన్నవి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు లోకములో కొందరు తమ మొండి ట్యాబులకు లినక్సు అను మరియొక ప్రాణము పోయ యత్నించిరి. వారి విజయములును వైఫల్యములును ఉపాధ్యాయులకు, విద్యార్థులకు తెలియదగినవి.

ముందు రోగమేదో తెలియవలె

ట్యాబు చెడినదన్న మాట వినినంతనే సాఫ్టువేరు మార్చవలెనని కొందరు, పారవేయవలెనని కొందరు తొందరపడుదురు. నాడి చూడక మందిచ్చు వైద్యుడు లేడు. ట్యాబు రోగములలో అధికభాగము శరీరమునకు సంబంధించినవి. బుద్ధికి సంబంధించినవి కావు. శరీర రోగమునకు లినక్సు మందు కాదు.

మొదటిది బ్యాటరీ. ట్యాబులోని లిథియము బ్యాటరీ సామాన్యముగా 3.7 వోల్టులది, పూర్తిగా నిండినప్పుడు 4.2 వోల్టులు చూపును. అది దాదాపు 3 వోల్టులకు దిగువకు జారినచో లోపలి రక్షణ సర్క్యూట్ ద్వారము మూసివేయును. అట్టి ట్యాబు మీట ఎంతసేపు నొక్కినను పలుకదు. చూచువారు అది చచ్చినదనుకొందురు. పాఠశాల ట్యాబులకు ఈ ఆపద ఎక్కువగా వేసవి సెలవులలోనే కలుగును. ఏప్రిల్ చివర ఖాళీ బ్యాటరీతో బీరువాలో పెట్టి తాళము వేయుదురు. జూనులో తీసిచూచిన వెలుగదు. మీట నొక్కకున్నను లోపల కొద్దిపాటి విద్యుత్తు ఖర్చగుచునే యుండును. దానికి తోడు ఎండ. పల్నాటిలోని రెంటచింతల ఎండలకు రాష్ట్రమంతటను పేరు పడినది. ఆ వేడిమిలో, రేకుల కప్పు గదిలో ఉంచిన బ్యాటరీ త్వరగా ముసలిదగును. సగము నింపి, చల్లని గదిలో ఉంచి, రెండు నెలల కొకసారి మరల నింపినచో ఈ మరణములలో అనేకము తప్పును. ఇందుకు కావలసినది లినక్సు కాదు, పాఠశాలలో ఒక చిన్న పట్టికయు, దానిని చూచు ఒక మనిషియు.

బ్యాటరీ ఉబ్బినచో మాత్రము సాహసము కూడదు. లోపల వాయువు పుట్టి అద్దము పైకి లేచును. దానిని నొక్కరాదు, పొడువరాదు, ఛార్జరుకు తగిలింపరాదు. అది నిప్పంటుకొను స్వభావము గలది. పిల్లలకు అందనిచోట వేరుగా ఉంచి, ఎరిగినవానిచే తీయించి, ఎలక్ట్రానిక్ వ్యర్థములు సేకరించువారికి ఇవ్వవలెను.

రెండవది ఛార్జింగు రంధ్రము. సంచిలోని దూది, సుద్దపొడి, దుమ్ము అందులో చేరి గట్టిపడును. తీగ లోపలికి పూర్తిగా దిగదు. ట్యాబును ఆపి, చిన్న కొయ్యపుల్లతో మెల్లగా తీసిన అనేకములు బాగుపడును. ఇనుపసూది వాడరాదు. తీగను మార్చి చూచుట మరచిపోరాదు. చౌకబారు తీగలలో రాగి సన్నముగా నుండి విద్యుత్తు చాలినంత పోదు. రంధ్రమే కదలుచున్నచో లోపలి అతుకు ఊడినదని అర్థము. దానిని మరల అతికించు పని వినుకొండ వంటి పట్టణములలో ఫోనులు బాగుచేయు పనివారి చేతనగును.

మూడవది స్పర్శపు అద్దము. బొమ్మ చూపు తెరయు, వేలిస్పర్శ గ్రహించు అద్దమును వేర్వేరు వస్తువులు. ఒకటి చెడినను రెండవది బాగుగా నుండవచ్చును. బొమ్మ కనబడుచు వేలికి పలుకనిచో మౌసును తగిలించి చూడవలెను. మౌసుతో పనిచేసినచో దోషము అద్దములోనో, దానిని కలుపు పలుచని తీగలోనో కలదు.

నాల్గవది నిలువ చిప్పు. దానిమీద వ్రాయుటకు ఒక హద్దు కలదు. వేలసార్లు వ్రాసి చెరిపిన పిమ్మట అది అరిగి, క్రొత్తది గ్రహింపజాలదు. ఎన్నిసార్లు చెరిపినను మరునాడు పాత రూపముతోనే లేచు ట్యాబునకు ఇదియే రోగము కావచ్చును.

ఈ నాలుగును లేవని తేలిన తరువాత, ట్యాబు మందగించినను, సవరణలు ఆగిపోయినను, కొత్త పాఠముల ప్రోగ్రాములను గ్రహింపనిచో అప్పుడు బుద్ధిని మార్చు మాట తలపెట్టవచ్చును.

దానముగా వచ్చిన యంత్రము

లినక్సు కథ కూడ ఒక యంత్రపు మొరాయింపుతోనే మొదలైనది. 1980 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయపు ప్రయోగశాలకు ఒక కంపెనీ లేజరు ముద్రణ యంత్రమును దానముగా ఇచ్చెను. అది వేగము గలదియే గాని కాగితములు తరచు ఇరుకుకొనెడివి. పాత యంత్రములో కాగితము ఇరికినప్పుడు ఆ వార్త అందరి తెరలపై కనబడునట్లు అచ్చటి రిచర్డ్ స్టాల్మన్ సాఫ్టువేరును సవరించియుండెను. కొత్తదానికి అట్లు చేయుటకు వీలు లేకపోయెను. దాని మూలగ్రంథమును కంపెనీ ఇయ్యలేదు. యంత్రము వారిది, కష్టము వారిది, తెలివి వారిది. తాళము మాత్రము ఇతరుల చేతిలో ఉండెను. ఇట్టి అనుభవములనుండి ఆయన 1983లో ‘గ్నూ’ అను స్వేచ్ఛా సాఫ్టువేరు ప్రణాళికను ప్రకటించెను. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన ఇరువది యొకటవ యేట వ్రాసిన ‘లినక్సు’ దానికి గుండెయై చేరెను. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును అన్నదే దాని ధర్మము.

ఇచ్చట ఒక సందేహము రావచ్చును. ఆండ్రాయిడ్ ట్యాబుల గుండెలో కూడ లినక్సే యున్నది గదా, మరి మార్చుట ఎందులకు? నిజమే. కాని ఆ గుండెను కట్టిన శరీరము కంపెనీ చేతిలో ఉన్నది. చిప్పులను నడపు డ్రైవరులు పెక్కు మూతవేసినవి. కంపెనీ సవరణ లాపిన దినముననే ఆ గుండె పాతబడుట మొదలగును. స్వతంత్రమైన లినక్సు అనగా ప్రతి అవయవమునకును బహిరంగమైన వైద్యము తెలిసినది.

పటము లేని ఇల్లు

పదిహేనేండ్ల నాటి బల్లమీది కంప్యూటరుకు లినక్సు ఎక్కించుట అరపూట పని. ట్యాబునకు అది నెలల తపస్సు కావచ్చును. కారణమిది. బల్లమీది కంప్యూటరు తలుపు తట్టగానే తనలో ఏ అవయవము ఎచ్చట ఉన్నదో తానే చెప్పును. ఫోనులలోను ట్యాబులలోను వాడు ఆర్మ్ జాతి చిప్పులు అట్లు చెప్పవు. స్పర్శపు అద్దము ఏ తీగకు తగులుకొన్నది, ఏ కాలికి విద్యుత్తు ఇచ్చిన తెర వెలుగును, బ్యాటరీ సంగతి ఎవరు చెప్పుదురు—ఇదంతయు ఒక పటముగా వ్రాసి ముందుగానే ఇయ్యవలెను. పటము లేనివాడు చీకటిలో క్రొత్త ఇంటిలో దీపపు మీట వెదకుచున్నవానితో సమానుడు.

కొంతకాలము ఒక్కొక్క కంపెనీ తన పటమును తన ఇష్టము వచ్చినట్లు వ్రాసికొనుచుండెను. ఈ గందరగోళముపై టోర్వాల్డ్స్ 2011లో తీవ్రముగా మందలించెను. అటుపిమ్మట ఆర్మ్ యంత్రములకు కూడ ‘డివైస్ ట్రీ’ అను ఒక సమాన పద్ధతి వ్యాపించినది. పద్ధతి వచ్చినది గాని, పటము బయట పెట్టవలెనన్న బుద్ధి అందరు తయారీదారులకు ఇంకను రాలేదు. పటమున్నను మరియొక అడ్డంకి కలదు. ట్యాబు లేచునప్పుడు మొట్టమొదట పలుకు ప్రోగ్రాము బూట్ లోడరు. అది కంపెనీ ముద్ర గల సాఫ్టువేరును తప్ప మరేమియు లోనికి రానీయనిచో వెలుపల ఎంత గొప్ప వైద్యుడున్నను ప్రయోజనము లేదు.

ఆకాశ్ నేర్పిన పాఠము

చేతిలో పట్టు చిన్న కంప్యూటరుకు లినక్సు ఎక్కించుట భారతదేశములో కొత్త కాదు. బెంగుళూరు శాస్త్రజ్ఞులు రూపొందించిన సింప్యూటరు లినక్సుతోనే పుట్టినది. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ దానిని తయారుచేసి విడుదల చేసెను. అది జనసామాన్యమునకు అందలేదు. పిమ్మట వచ్చినది ఆకాశ్. 2011 అక్టోబరు 5వ తేదీన నాటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో దానిని ఆవిష్కరించిరి. ఆ మొదటి ట్యాబులు కూర్చబడినది హైదరాబాదులో. ఏడంగుళముల తెర, 366 మెగాహెర్ట్జుల చిప్పు, 256 మెగాబైట్ల జ్ఞాపకశక్తి, 2,100 మిల్లీ ఆంపియర్ అవరుల బ్యాటరీ. ధర తక్కువ, ఆశ ఎక్కువ. వేలితో గట్టిగా నొక్కినగాని తెర పలుకదు. ఒక పుట తెరచుటకు ఎంతో వేచియుండవలె. బ్యాటరీ త్వరగా అయిపోవును. విమర్శలు దేశమంతట చెలరేగినవి.

2012 నవంబరు 11, జాతీయ విద్యా దినమున, నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ రెండవ ఆకాశ్‌ను విడుదల చేసిరి. ఈ మారు ఆ కార్యభారమును వహించినది బొంబాయి ఐఐటీ. చిప్పు వేగము 1 గిగాహెర్ట్జు. జ్ఞాపకశక్తి 512 మెగాబైట్లు. మెత్తని స్పర్శకు పలుకు తెర. పైకి ఇది ఆండ్రాయిడ్ ట్యాబే. కాని బొంబాయి ఐఐటీలో స్వేచ్ఛా సాఫ్టువేరు పని చేయువారు దానిలో గ్నూ లినక్సు నడపి చూపిరి. ట్యాబులోని ఆండ్రాయిడ్‌ను చెరుపలేదు. లినక్సును ఒక మెమరీ కార్డులోనికి ఎక్కించి, ఆ కార్డును ప్రక్క రంధ్రములో దూర్చి, ట్యాబును లేపిరి. కార్డున్న లినక్సు, కార్డు తీసిన ఆండ్రాయిడ్.

ఇది ఎట్లు సాధ్యమైనది? దానిలోని ఆల్విన్నర్ ఏ13 చిప్పు స్వభావమే దీనికి కారణము. విద్యుత్తు రాగానే ఆ చిప్పు ముందుగా మెమరీ కార్డును చూచును. అందు బూట్ ప్రోగ్రాము దొరకినచో దానిని నడపును. దొరకనిచో మాత్రమే లోపలి నిలువకు పోవును. తయారీదారు అట్లు తలుపు తెరచియుంచుట చేతనే విద్యార్థి తన ట్యాబును చెడగొట్టుకొందునన్న భయము లేక ప్రయోగము చేయగలిగెను. లోపలి నిలువ అరిగిపోయిన ట్యాబు సయితము కార్డుతో బ్రతుకగలదు. ఒక్క తెరచిన తలుపు ఇంత మేలు చేసినది.

అయినను అన్ని తలుపులును తెరచిలేవు. ఆ చిప్పులో బొమ్మలు గీయు భాగము, మాలి-400, మూతవేసిన డ్రైవరుతో మాత్రమే నడచెడిది. స్వచ్ఛంద కార్యకర్తలు యంత్రమును పరిశీలించి పరిశీలించి దానికి ‘లీమా’ అను బహిరంగ డ్రైవరును తయారుచేసిరి. అది లినక్సు మూలములో చేరినది 2019లో. 2012లో పుట్టిన ట్యాబునకు ఏడేండ్లకు మందు వచ్చినది! అప్పటికి ఆకాశ్ చదువుకొన్న పిల్లలు ఉద్యోగములలో చేరిరి, ఆకాశ్‌లు అటకలెక్కినవి. కంపెనీ ఆ వివరములను మొదటిరోజుననే ఇచ్చియున్నచో ఆ యేడేండ్ల శ్రమయు మిగిలెడిది.

ద్వారపాలకుడు ఎరుగని భాష

ఇంటెల్ ఆటమ్ చిప్పుతో, విండోస్‌తో 2014 ప్రాంతమున మార్కెట్టుకు వచ్చిన చౌక ట్యాబులు మరియొక జాతి. పాత సామానుల బజారులలో అవి నేటికిని దొరకును. విండోస్ వాటికి భారమైపోయినది. లినక్సు ఎక్కింపదలచినవారికి వాటిలో మూడు చిక్కులు ఎదురైనవి. మూడును పాఠముల వంటివే.

మొదటి చిక్కు ద్వారముననే. లోపలి చిప్పు 64 బిట్లది. లేపు ప్రోగ్రాము మాత్రము 32 బిట్లది. ప్రభువునకు తెలిసిన భాష ద్వారపాలకునకు తెలియదు. సామాన్యమైన లినక్సు పెన్ డ్రైవును పెట్టినచో ట్యాబు దానిని గుర్తింపనైన గుర్తింపదు. 2014లో లినక్సు గుండెలోనే ఇందుకు పరిష్కారము చేర్చిరి. 2015లో వచ్చిన డెబియన్ 8వ సంచిక రెండు భాషలును ఎరిగిన పెన్ డ్రైవును సిద్ధపరచెను.

రెండవది హఠాత్తుగా కొయ్యబారుట. పని చేయుచున్న ట్యాబు ఒక్కసారిగా నిలిచిపోవును. మీట పట్టుకొని ఆపుట తప్ప గత్యంతరము లేదు. ఎందరో తమ ట్యాబు చెడినదనుకొని చిప్పును, బ్యాటరీని శంకించిరి. పరిశోధింపగా, విద్యుత్తు ఆదాకై చిప్పు గాఢనిద్రలోనికి జారినప్పుడు మరల లేవలేకపోవుటయే కారణమని తేలినది. ప్రారంభపు ఆజ్ఞలలో గాఢనిద్రను నిషేధించు ఒక్క మాట చేర్చినచో ఆ జబ్బు ఆగెడిది. బ్యాటరీ మాత్రము కొంత త్వరగా అయిపోయెడిది. తరువాతి సంచికలలో మంచి చికిత్సలు వచ్చినవి. హార్డువేరు రోగముగా కనబడునది ఒక్కొక్కప్పుడు సాఫ్టువేరు రోగము కావచ్చును.

మూడవది స్పర్శ. ఈ ట్యాబులలో వేలును కుడికి జరిపిన గురుతు క్రిందికి పోవుచుండెను. ఇది పదవ తరగతి నిరూపక జ్యామితి చదివిన పిల్లవానికి అర్థమగు విషయమే. అద్దమును పావు చుట్టు త్రిప్పి బిగించిరి. అద్దము చెప్పు బిందువు (ఎక్స్, వై) అనుకొందము. పొడవు వెడల్పులు రెండును ఒకటిగా లెక్కింతము. తెరపై అది (వై, 1 – ఎక్స్) గా మారవలెను. ఈ మార్పును తొమ్మిది అంకెల మాత్రికగా వ్రాసి లినక్సునకు చెప్పినచో గురుతు వేలివెంట నడచును: మొదటి వరుస 0, 1, 0, రెండవది –1, 0, 1, మూడవది 0, 0, 1. “ఈ లెక్కలు ఎందుకు పనికివచ్చును మాష్టారూ?” అని అడుగు విద్యార్థికి చూపదగిన ఉదాహరణము ఇంతకంటె వేరొకటి అరుదు.

నెదర్లాండ్సు దేశస్థుడైన హాన్స్ డి గూడే అను ఇంజనీరు ఇట్టి చౌక ట్యాబుల అద్దములను, బ్యాటరీ సూచికలను, ధ్వనిని బాగుచేయుటకు సంవత్సరముల తరబడి శ్రమించెను. ఏ ట్యాబులో అద్దము ఏ కొలతది, ఏ ప్రక్కకు తిరిగినది అను ఒక పట్టిక నేడు లినక్సు మూలములోనే కలదు. ఒకచోట ఎవరో కొలిచి పంపిన అంకెలు మరియొకచోట ఎవరికో పనికివచ్చుచున్నవి. ఆ పట్టికలో లేని ట్యాబు దొరికినచో పల్నాటి విద్యార్థి కూడ కొలిచి పంపవచ్చును. రుసుము లేదు, సిఫారసు అక్కరలేదు.

చేయదగినది, చేయరానిది

ఇంత చదివిన తరువాత ఉత్సాహముతో పాఠశాల ట్యాబును పట్టుకొని తాళము విప్పబోవు విద్యార్థికి ఒక హెచ్చరిక అవసరము. ప్రభుత్వము ఇచ్చిన ట్యాబులకు పాఠములు తప్ప ఇతరములు తెరువరాకుండ తాళము వేయుట కారణము లేని పని కాదు. పిల్లల మేలు అందు కలదు. అధికారుల అనుమతి లేక దానిని విప్పుట దొంగతనముగా గోడదూకుట వంటిది. పైగా తాళము విప్పుటలో లోపలి వ్రాతలన్నియు చెరిగిపోవును. సగములో ఆగినచో ట్యాబు ఇటుకరాయి యగును. ప్రయోగము చేయదలచినవారు తమ సొంతమైన, పనికిమాలినదని పక్కన పెట్టిన ట్యాబుతోనే ప్రారంభింపవలెను.

ప్రారంభించువారికి క్రమమిది. ముందుగా వెనుక అట్టపై నున్న మోడలు సంఖ్యను వ్రాసికొని, ఆ మోడలుకు లినక్సు నడపినవారెవరైన కలరా యని విచారింపవలెను. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అను సంఘము 2017 నుండి పాత ఫోనులకును ట్యాబులకును పదేండ్ల ఆయుష్షు ఇయ్యవలెనన్న సంకల్పముతో పనిచేయుచు, ఏ యంత్రములో ఏ అవయవము పనిచేయునో, ఏది చేయదో పట్టికలుగా ప్రకటించుచున్నది. అందు స్పర్శ, వైఫై, ఛార్జింగు ఈ మూడింటిలో ఏదియైనను ‘లేదు’ అని యున్నచో ఆ ట్యాబును అంతటితో వదలుట మంచిది. మోడలు అనుకూలమైనచో లోపలి వ్రాతలన్నింటిని భద్రపరచి, బ్యాటరీ నింపి, కార్డుమీదనో పెన్ డ్రైవుమీదనో లినక్సును నడపి చూడవలెను. వైఫై తగులుచున్నదా, ధ్వని వినబడుచున్నదా, బ్యాటరీ అంకె మారుచున్నదా, నిద్రబుచ్చిన మరల లేచుచున్నదా అని నాలుగు దినములు పరీక్షింపవలెను. ఆ తరువాతనే లోపలికి ఎక్కించు మాట. అరువదినాళ్ళు శ్రమించి కెమెరా పలుకని ట్యాబును సంపాదించుట కొందరికి కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లు కనబడవచ్చును. కాని త్రవ్వినవానికి కొండలోపలి రాయి తెలిసినది. విద్యార్థికి అదియు లాభమే.

అట్లు బ్రతికిన ట్యాబులో ఏమి చేయవచ్చును? పెద్ద చలనచిత్రములు, బరువైన ఆటలు నడువకపోవచ్చును. పుస్తకములు చదువవచ్చును, పైథాను భాషలో చిన్న ప్రోగ్రాములు వ్రాయవచ్చును, తెలుగులో వ్యాసము వ్రాసికొనవచ్చును. లినక్సు తెలుగు పలుకుట కొరకు 2005లో హైదరాబాదున వెలసిన ‘స్వేచ్ఛ’ సంస్థ మెనూలను, ఆజ్ఞలను తెలుగు చేసెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన పేర్లతో తీర్చిన అక్షరరూపములు ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. పొరుగున కేరళ ప్రభుత్వము తన పాఠశాలల కంప్యూటరులను లినక్సునకు మార్చి, ఉపాధ్యాయులకే వాటిని బాగుచేసికొను శిక్షణ ఇచ్చినది. అచ్చట యంత్రము చెడినప్పుడు మొదట పరీక్షించువాడు ఉపాధ్యాయుడే. సాఫ్టువేరు ఉచితమగుటకంటె ఇది గొప్ప లాభము.

కొనుటకు ముందు అడుగవలసినది

చెడిన ట్యాబులను బాగుచేయుట వ్యక్తుల పని. చెడినప్పుడు బాగుచేయుటకు వీలుగా నుండు ట్యాబులను కొనుట పాఠశాలల పని, ప్రభుత్వముల పని. లక్షల సంఖ్యలో కొనువాడు అడిగినచో అమ్మువాడు వినక తప్పదు. మూడు ప్రశ్నలు చాలును. పూచీ గడువు తీరిన పిమ్మట బూట్ లోడరు తాళపుచెవిని కొన్నవానికి ఇత్తురా? బ్యాటరీని, ఛార్జింగు రంధ్రమును ఊరి పనివాడు మార్చునట్లు అమర్చితిరా? లోపలి అవయవముల పటమును బయట పెట్టుదురా? ఈ మూడింటికి అవునను సమాధానము వచ్చినచో పదేండ్ల తరువాత కూడ ఆ పలక ఏదో ఒక పిల్లవాని చేతిలో వెలుగుచుండును. కాదన్న సమాధానము వచ్చినచో ఎంత ధర పోసినను అది గడువు తీరిన నాడే చెత్త యగును. ధరల పట్టికలో ఈ మూడు ప్రశ్నలకు గడులు లేకపోవుటయే నేటి లోపము.

వినుకొండలో 1895లో జన్మించిన గుర్రం జాషువాకు అక్షరము సుళువుగా చిక్కలేదు. కులము మూసిన తలుపులను ఒక్కొక్కటిగా తట్టి, తెరిపించుకొని ఆయన చదువు సంపాదించెను, ఉపాధ్యాయుడయ్యెను, మహాకవి యయ్యెను. మూసిన తలుపు విద్యార్థికి చేయు అపకారమేమో ఈ ఊరికి వేరే చెప్పనక్కరలేదు. నేడు ప్రతి పిల్లవాని చేతికిని పలక వచ్చినది. ఆ పలక వెనుక అట్టకు బిగించిన చిన్న మరలను విప్పి, లోపలేమున్నదో చూడనిచ్చినప్పుడే మార్కాపురపు రాతిపలక వలె అది కూడ అతని సొంతమగును.